టింగీ గారి ఇత్తడి సున్నా

లమార్ టింగీ గారు "ఇక్కడ", "అక్కడ", "పక్కన", "అవతల" అనే మాటలు వాడరు. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పాలన్నా ఆయనకు మూడు అంకెలు కావాలి. ల్యాబు గుమ్మం దాటగానే ఎడమచేతి మూలన నేలలో దిగ్గొట్టిన ఇత్తడి మేకు ఒకటుంది. ఆ మేకు నుంచి తూర్పుకి ఎన్ని అంగుళాలు, ఉత్తరానికి ఎన్ని అంగుళాలు, నేల మీంచి ఎత్తు ఎన్ని అంగుళాలు. మేకు సున్నా. మిగతా సృష్టి అంతా దాని తరవాతే.

"బ్రదర్ టింగీ, ఉప్పు సీసా చూశారా?"

"తూర్పు నూట పద్దెనిమిది, ఉత్తరం అరవై, ఎత్తు ముప్పై ఒకటి."

"అంటే బల్ల మీదేగా?"

"బల్ల మీద చాలా చోటుంది నాయనా. ఎక్కడని వెతుకుతావు?"

నిజానికి సాల్ట్ లేక్ ఊళ్ళో రెండు అంకెలు చెప్పేవాణ్ణి ఎవరూ వింతగా చూడరు. ఆ ఊరి వీధులకు పేర్లు తక్కువ, అంకెలు ఎక్కువ. చర్చి మనుషులంతా ఒకరినొకరు బ్రదర్, సిస్టర్ అని పిలుచుకునే ఆ ఊళ్ళో, వాళ్ళ ఆలయం ప్రహరీ మూలనున్న రాయి అందరికీ సున్నా. మంగలి షాపు ఎక్కడంటే, మూడు వందల దక్షిణం, ఐదు వందల తూర్పు అంటారు. ప్రేమలేఖల మీద కూడా అలాగే రాస్తారు. కనుక టింగీ గారికి పిచ్చివాడన్న పేరు మొదటి రెండు అంకెల వల్ల రాలేదు. మూడోదాని వల్ల వచ్చింది.

గార్త్ ఎగ్బర్ట్ ఐడహోలో బంగాళాదుంపలు పండించే రైతు కొడుకు. కంప్యూటర్ చేత బొమ్మలు గీయించే పరిశోధన చెయ్యడానికి ల్యాబులో చేరిన మొదటి రోజున, ఎదురుపడ్డ మొదటి మనిషిని బాత్రూము ఎక్కడని అడిగాడు. ఆ మనిషి టింగీ గారు కావడం అతని ఖర్మ.

"పడమర రెండు వందల నలభై, దక్షిణం తొంభై," అన్నారు టింగీ గారు తాపీగా. "ఎత్తు నీ అవసరాన్ని బట్టి. నిలబడితే సున్నా, కూర్చుంటే పదహారు."

తొందరలో ఉన్న మనిషికి అంగుళాలు లెక్కపెట్టుకుంటూ నడవడం ఎంత కష్టమో గార్త్‌కి ఆ రోజు తెలిసింది. తిరిగొచ్చేసరికి టింగీ గారు గుమ్మంలోనే ఉన్నారు. "సరిపోయిందా?" అని అడిగారు. కొలత సంగతే అడుగుతున్నారని అర్థం కావడానికి గార్త్‌కి ఒక నిమిషం పట్టింది.

అది 1969వ సంవత్సరం. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా ఇనప బీరువాలు. దానికి కళ్ళు లేవు. ఒక గిన్నె బొమ్మ గీయమంటే, గిన్నె ఒంటి మీద ఒక్కో చుక్కా ఎక్కడుందో అంకెల్లో చెప్పుకోవాలి. ఆ అంకెల్ని అట్టకార్డులకు చిల్లులుగా కొట్టి దానికి తినిపించాలి. అప్పుడది చుక్కలు కలుపుకుంటూ గీస్తుంది. కారు తలుపైనా విమానం రెక్కయినా రేకు కొయ్యకముందే తెర మీద చూసుకుని సరిదిద్దుకునే రోజు వస్తుందని ప్రొఫెసర్ల ఆశ.

వస్తువుల్ని కొలవడం టింగీ గారి ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళు రాగి గనుల్లో సర్వేయరుగా చేసి, మోకాళ్ళు అరిగిపోయాక ఇక్కడ చేరారు. కొండల్ని కొలిచిన మనిషి ఇప్పుడు టోపీల్నీ, దీపపు బుడ్లనీ కొలిచేవారు. ఒకసారి తన కట్టుడు పళ్ళే కొలిచారు. పళ్ళు తూర్పు తొంభై రెండులో కూర్చుని ఉండగా, వాటి అంకెలు ఆయన బోసినోటితో చదువుతుంటే ఆ పూట ల్యాబులో ఎవరికీ పని సాగలేదు.

ఆయన పిచ్చికి చట్టాలు కూడా ఉండేవి. ప్రతి కుర్చీ కాళ్ళ కిందా నేల మీద పసుపు రంగుతో నాలుగు చుక్కలు పెట్టారు. లేచినవాడు కుర్చీని మళ్ళీ ఆ చుక్కల మీదే పెట్టాలి. చెత్తబుట్టకీ చుక్కలే. గదిలోకి వచ్చినవాడు తన పేరు, తను నిలబడ్డ చోటు గట్టిగా చెప్పాలి. వస్తువు ఏదైనా జరిపితే అది కూడా చెప్పాలి. ఎవరైనా మరిచిపోతే ఆయన బుర్రమీసం వణికేది.

"గార్త్, కుర్చీ రెండంగుళాలు పడమరకి జరిగింది."

"రెండంగుళాలేగా బ్రదర్."

"గనిలో రెండంగుళాలు తప్పితే సొరంగం రెండు చివర్లూ కలవవు. ఇటునుంచి వచ్చినవాళ్ళూ అటునుంచి వచ్చినవాళ్ళూ జీవితాంతం ఒకరినొకరు వెతుక్కోవాల్సిందే."

మొదట్లో విద్యార్థులు ఆయన్ని ఆట పట్టించడానికే అంకెలు చెప్పారు. "గార్త్. తూర్పు నలభై, ఉత్తరం ఇరవై. ఆకలి, ఎత్తు నలభై రెండు," అని కడుపు తడుముకుంటూ అరిచేవాళ్ళు. ఆరు నెలలు గడిచేసరికి ఆటా మరిచిపోయారు, నవ్వూ మరిచిపోయారు, అలవాటు మాత్రం మిగిలింది. గార్త్ ఒకసారి సెలవులకి ఇంటికెళ్ళి, వెన్న ఎక్కడుందని తల్లి అడిగితే అంకెలు చెప్పబోయి నాలిక కరుచుకున్నాడు. ఆ సాయంత్రం తల్లి అతని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. పాపం, ఈ మనిషితో ఇంట్లో ఇల్లాలు ఎలా వేగుతోందో అని గార్త్ అప్పుడప్పుడూ ఆర్డిత్ టింగీ గారిని తలుచుకుని జాలిపడేవాడు.

టింగీ గారి చాదస్తాన్ని చిరునవ్వుతో భరించేది ఒక్క వెల్డా సోరెన్సన్ గారే. ఆవిడ కార్డులకు చిల్లులు కొట్టే మిషను మీద పని చేసేవారు. యాభై రెండేళ్ళు. నాలుక పదును, వేళ్ళు అంతకంటే పదును. కొలతల కాగితం ఎదురుగా పెట్టుకుని కొట్టడం ఎక్కడైనా ఉన్న పద్ధతి. ఇక్కడ టింగీ గారు కాగితం ఆవిడ చేతికి ఇచ్చేవారు కాదు. పక్కన కూర్చుని, గుడిలో కీర్తన పాడినట్టు రాగం తీస్తూ తనే చదివేవారు. ఆవిడ గోడకేసి చూస్తూ టకటకా కొట్టేవారు. ఒక్క తప్పు పడేది కాదు.

"కాగితం ఆవిడకే ఇచ్చేస్తే మీకు సగం రోజు కలిసొస్తుందిగా?" అని గార్త్ ఒకసారి అడిగాడు.

"కలిసొచ్చిన సగం రోజు ఏం చేసుకోను?" అన్నారు టింగీ గారు.

"ఆయన గొంతు వినకపోతే నా వేళ్ళకి నిద్రొస్తుందిలే, దుంపలబ్బాయ్," అన్నారు వెల్డా గారు గోడతో మాట్లాడుతున్నట్టు. "నువ్వెళ్ళి నీ జెల్లీ సంగతి చూసుకో."

జెల్లీ సంగతి చిన్నదేమీ కాదు. గార్త్ మూడేళ్ళ పరిశోధన దాని మీదే నిలబడి ఉంది. అంతవరకూ కంప్యూటర్ ఏ గుండ్రటి వస్తువు గీసినా పలకలు పలకలుగా, చెక్కిన దుంపలా వచ్చేది. దాన్ని నున్నగా, వెలుగూ నీడా పడేలా గీయించే ఉపాయం ఒకటి గార్త్ కనిపెట్టాడు. పరీక్షకి వస్తువు కావాలంటే వెల్డా గారు తన రాగి జెల్లీ అచ్చు తెచ్చి ఇచ్చారు. చుట్టూ అలలు అలలుగా మడతలు తిరిగి, మధ్యలో ఖాళీ ఉండే అచ్చు. ఆ ఊళ్ళో క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ లేకుండా చర్చిలో విందూ జరగదు, చావు భోజనమూ జరగదు. అచ్చుని కదలని రాతిబల్ల మీద పెట్టి, గది ఈ గోడ నుంచి ఆ గోడకి దారాలు కట్టి, మేకు నుంచి కొలుచుకుంటూ టింగీ గారు మూడు వారాల్లో తొమ్మిది వందల చుక్కలు తేల్చారు. ఇంకా నాలుగు వందలు మిగిలాయి.

సరిగ్గా అప్పుడు డాక్టర్ విట్‌లాక్ వచ్చి పడ్డాడు. తూర్పు తీరం నుంచి ల్యాబుని చక్కదిద్దడానికి కొత్తగా వేసిన అధికారి. వచ్చిన సోమవారమే అందరినీ నిలబెట్టి కబురు చెప్పాడు. శుక్రవారం వాషింగ్టన్ నుంచి కల్నల్ డ్రమండ్ వస్తున్నాడు. ఈ ల్యాబుని పోషిస్తున్నది ఆయన ఆఫీసే. చూపించడానికి మంచి బొమ్మ ఉంటే సరే సరి. లేకపోతే కంప్యూటర్‌ని ఎదురు భవనంలో వానలూ గాలులూ లెక్కకట్టే వాళ్ళకి ఇచ్చేస్తారు.

"నీ అచ్చు తయారవుతుందా?" అని గార్త్‌ని అడిగాడు.

"అవుతుంది సార్," అన్నాడు గార్త్. కాకపోతే ఏమవుతుందో అతనికి తెలుసు. యంత్రం పోతే పట్టా ఉండదు. మూడేళ్ళ కష్టం మూట కట్టుకుని వెళ్ళి నాన్న పక్కన దుంపలు తవ్వుకోవాలి.

బుధవారం పొద్దున విట్‌లాక్ గదంతా కలయజూసి, ఇది ల్యాబులా లేదు, సాలెగూడులా ఉందన్నాడు. మధ్యాహ్నానికల్లా దారాలు తెగాయి. బల్లలు రెండు వరుసల్లోకి మారాయి. నేల మీద చుక్కల్ని పనివాళ్ళు తోమేశారు. కల్నల్ గారి బూటు తట్టుకుంటుందని మేకు పీకించి, ఆ కన్నంలో సిమెంటు నింపించాడు.

టింగీ గారు ఆ మూలకేసి చాలాసేపు చూశారు.

"మీరు సున్నాని పీకేశారు," అన్నారు చివరికి.

"మేకు పీకించాను," అన్నాడు విట్‌లాక్. "ఇంకో మాట. ఆ చదవడం కూడా ఆపండి. కాగితాలు ఆవిడకిస్తే ఆవిడే కొట్టుకుంటుంది. కల్నల్ వచ్చేసరికి ఇక్కడ ప్రార్థనలు జరగకూడదు."

"అది కుదరదండీ."

"ఎందుకు కుదరదు?"

టింగీ గారు నోరు తెరిచి, వెల్డా గారి కేసి చూసి, నోరు మూసుకున్నారు. "నాకు పిచ్చండీ. ఊరంతా తెలుసు," అన్నారు.

"అయితే కల్నల్ వెళ్ళేదాకా ఇంట్లో ఉండండి," అన్నాడు విట్‌లాక్.

ఆయన టోపీ తీసుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మారిన బల్లలు ఎక్కడెక్కడ ఉన్నాయో గట్టిగా చదవడం మొదలుపెట్టారు. రెండు బల్లలయ్యేసరికి విట్‌లాక్ తలుపు వేసేశాడు.

మూడో బల్ల దగ్గర ప్రమాదం జరిగింది. తొమ్మిది వందల కార్డులున్న ట్రే పట్టుకుని వెల్డా గారు ఎప్పటిలాగే చకచకా నడిచి వచ్చి, ఆ పొద్దుటిదాకా ఖాళీగా ఉన్న చోట బల్ల అంచుకి నడుము తగిలించుకున్నారు. ట్రే ఎగిరింది. మూడు వారాల పని నేలంతా పరుచుకుంది. కార్డుల మీద వరుస సంఖ్యలు వేసుకోవాలని ప్రతి విద్యార్థికీ తెలుసు. ఒక్క విద్యార్థీ వెయ్యడు. గార్త్ కూడా వెయ్యలేదు.

"అంత పెద్ద బల్ల కనపడలేదా సిస్టర్?" అన్నాడు గార్త్. అరవలేదు గానీ, అరిచినా బాగుండేది.

వెల్డా గారు మోకాళ్ళ మీద కూర్చుని కార్డులు ఏరుతున్నారు. "బల్ల జరిపినట్టు నాకెవరూ చెప్పలేదు," అన్నారు. ఆ నాలుకలో ఎప్పుడూ ఉండే పదును ఆ మాటలో లేదు.

గార్త్‌కి ఒకటే దారి కనిపించింది. కొలతల కాగితాలు ఎలా సర్దారో టింగీ గారికే తెలుసు కనుక ఆయన్ని బతిమాలి తీసుకురావాలి. ఇంకా ఎండ ఉండగానే తొమ్మిది వందల దక్షిణం, పదకొండు వందల తూర్పుకి వెళ్ళాడు. వరండా ఎక్కి, వల తలుపు తట్టబోతూ ఆగిపోయాడు. లోపల్నుంచి టింగీ గారి గొంతు వినిపిస్తోంది.

"ఆర్డిత్, నా కళ్ళజోడేదీ?"

"నాకేం తెలుసు, ఎక్కడ పెట్టావు?"

"ఇక్కడే ఎక్కడో పెట్టాను. అదిగో అక్కడ చూడు. దాని పక్కన. కాకపోతే దాని వెనకాల."

గార్త్ తలుపు తట్టడం మాని తోసుకుని లోపలికి వెళ్ళాడు.

"బ్రదర్ టింగీ, మీరు 'అక్కడ' అన్నారు."

దొంగతనం చేస్తూ దొరికిపోయినవాడిలా టింగీ గారు బిగుసుకుపోయారు. "అనలేదు."

"అన్నారు. 'పక్కన' కూడా అన్నారు. 'వెనకాల' అన్నారు."

"ఆయనెప్పుడూ అంతే నాయనా," అన్నారు ఆర్డిత్ గారు సోఫా దిండ్లు ఎత్తి చూస్తూ. "ముప్పై ఏళ్ళుగా 'అక్కడెక్కడో'తోనే కాపురం చేస్తున్నాను. ఈయన పెట్టిన వస్తువు ఈయనకే దొరకదు. ల్యాబులో ఎలా నెట్టుకొస్తున్నారో ఏమో."

కళ్ళజోడు ఆయన నెత్తి మీదే దొరికింది. అది పెట్టుకుని, గార్త్‌ని వరండాలోకి తీసుకొచ్చి కూర్చోబెట్టి, టింగీ గారు గొంతు తగ్గించారు.

"నువ్వు చేరడానికి ఏడాది ముందు సంగతి. వెల్డా తన కప్పు కోసం చెయ్యి చాపింది. చెయ్యి గాలిలోకి పోయింది. రెండంగుళాలు తూర్పుకి అన్నాను. తీసుకుంది. ఆమె ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. మర్నాడు వెళ్ళి మేకు కొట్టాను."

గార్త్ కుర్చీ అంచుకి జరిగాడు. "ఆవిడకి కనపడదా?"

"అంచులు కనిపిస్తాయి. మధ్యంతా మసక. మొహం ఉండాల్సిన చోట మచ్చ, దానికి అటూ ఇటూ రెండు చెవులు. నిన్ను చెవులతోనే గుర్తుపడుతుంది, నీవి పెద్దవి. ఆఫీసుకి తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపించేస్తారు. ఇంకా మూడేళ్ళ సర్వీసుంది. వేళ్ళకి ఏ లోపమూ లేదు. నేను చదివితే తను కొడుతుంది, ఎవరికేం నష్టం?"

"మరి మా అందరిచేతా అంకెలెందుకు చెప్పించారు?"

"ఒక్కదానికోసం చెబితే అది సాయం. ఆమె ఒక్క రోజు కూడా పుచ్చుకోదు. అందరికీ చెబితే అది పిచ్చి. పిచ్చివాడితో ఎవరు వాదిస్తారు?"

గార్త్ తల వంచుకుని చాలాసేపు తన బూట్లు చూసుకున్నాడు. బల్ల కనపడలేదా అని తను అడిగిన మాట గుర్తొచ్చింది. అతనికి సిగ్గేసింది.

గురువారం, ఒక రోజు ముందే ఊళ్ళో దిగిన కల్నల్‌ని విట్‌లాక్ ఊరి బయట రాగి గనులు చూపించడానికి తీసుకెళ్ళాడు. సాయంత్రం దాకా రాడు. గార్త్ అందరికంటే ముందే ల్యాబుకి వచ్చి, పనివాళ్ళ చెత్తడబ్బాలోంచి ఇత్తడి మేకు వెతికి తీసి, సుత్తి తెచ్చి మూలన దిగ్గొట్టాడు. పాత కన్నం సిమెంటు కింద ఎక్కడుందో సరిగ్గా తెలియలేదు. ఇంచుమించు అక్కడే అనుకున్నాడు. తరవాత విద్యార్థులంతా కలిసి, సగం చెరిగిన పసుపు చుక్కలు పట్టుకుని బల్లలు వెనక్కి జరిపారు. ఒక్కో బల్లా ఎక్కడ పెట్టిందీ గార్త్ గొంతు చించుకుని చెప్పాడు.

"నాకు చెవుడు లేదు," అన్నారు వెల్డా గారు.

టింగీ గారు వచ్చి మళ్ళీ దారాలు కట్టుకుని, పని త్వరగా తెమలడానికి మిగతా విద్యార్థులందర్నీ సాయం పెట్టుకుని, మిగిలిన నాలుగు వందల చుక్కలు కొలవడం మొదలుపెట్టారు. పాత తొమ్మిది వందలూ చదివే పని గార్త్ మీద పడింది.

"ఏమిటా చదవడం, కిరాణా చీటీలా?" అన్నారు వెల్డా గారు. "మడత లోపలికి పోతుంటే గొంతు దించు. బయటికొస్తుంటే లేపు. ఆయన్ని వినలేదూ?"

గార్త్ దించాడు, లేపాడు. వంద చుక్కలయ్యేసరికి అతనికే వినపడసాగింది. తూర్పు అంకెలు పెరిగి, తగ్గి, మళ్ళీ పెరుగుతున్నాయి. అది అచ్చు అంచు. మూడేళ్ళుగా గుండ్రటి వస్తువుల చుట్టూ లెక్కలు కడుతున్నాడు గానీ, వాటి ఆకారం చెవితో తెలుస్తుందని అతనికి తోచనేలేదు. మధ్యాహ్నానికి తొమ్మిది వందలూ పూర్తయ్యాయి. ఈసారి గార్త్ ప్రతి కార్డు మీదా వరుస సంఖ్య వేశాడు.

తరవాత టింగీ గారు కూర్చుని కొత్త అంకెలు అందుకున్నారు. పది చుక్కలు చదివారో లేదో వెల్డా గారి చేతులు ఆగిపోయాయి.

"పాట తప్పింది."

"ఏ పాట?" అన్నారు టింగీ గారు.

"ఇందాక మడత లోపలికి దిగుతూ ఆగింది. అక్కణ్ణించి ఇంకా దిగాలి. మీది పైకి గెంతింది. తూర్పు అంకెలన్నీ రెండు పైచిలుకు ఎక్కువ."

టింగీ గారి బుర్రమీసం వణికింది. "ఇరవై ఆరేళ్ళలో నా కొలత తప్పలేదు సిస్టర్."

"మీ కొలత తప్పిందని ఎవరన్నారు? మీ సున్నా జరిగింది."

గార్త్ దగ్గాడు. టింగీ గారు మెల్లగా అతనివైపు తిరిగారు.

"మేకు పాత కన్నంలోనే కొట్టావా?"

"ఇంచుమించు, బ్రదర్."

"ఇంచుమించు," అన్నారు టింగీ గారు. ఆ మాట ఆయన చర్చిలో ఎవరో బూతు మాట్లాడినట్టు పలికారు. "సున్నాని అంచనా మీద కొట్టాడు. కొన్నాళ్ళు పోతే ధ్రువనక్షత్రాన్ని కూడా జరుపుతాడు."

మోకాళ్ళ మీద పాకి, గోడ నుంచి కొలిచి చూస్తే మేకు రెండుంపావు అంగుళాలు పడమరకి జరిగి ఉంది. ఎవరూ కనిపెట్టకపోతే కల్నల్ గారు శుక్రవారం రెండు ముక్కలైన జెల్లీ అచ్చుని చూసి ఉండేవారు. గార్త్ నాలుగు వందల అంకెల్లోంచీ రెండుంపావు తీసేసి మళ్ళీ రాశాడు. టింగీ గారు మేకు పీకి, సిమెంటు గీకి, పాత కన్నంలో తన చేత్తో దిగ్గొట్టారు. చివరి దెబ్బ వేసి చేత్తో తుడిచారు కూడా.

శుక్రవారం ఉదయం విట్‌లాక్ కల్నల్‌ని వెంటబెట్టుకుని లోపలికొచ్చి, బల్లలన్నీ పాత చోట్లలో, దారాలు గోడల మధ్య, టింగీ గారు దారాల మధ్య ఉండటం చూసి పాలిపోయాడు. అంతలో కల్నల్ డ్రమండ్ బూటు మేకుకి తట్టుకుంది. ఆయన వంగి చూశారు.

"ఏమిటిది?"

"సున్నా అండీ," అన్నారు టింగీ గారు. "మీ కుర్చీ తూర్పు డెబ్బై, ఉత్తరం నలభై. ఎత్తు పద్దెనిమిది."

విట్‌లాక్ కళ్ళు మూసుకున్నాడు. కల్నల్ మాత్రం మేకుకేసీ, ఎదురుగోడకేసీ చూసి, ఎవరి సాయమూ లేకుండా అడుగులు వేసుకుంటూ వెళ్ళి సరిగ్గా ఆ కుర్చీలో కూర్చున్నారు. "ఇరవై ఏళ్ళు ఫిరంగి దళంలో చేశానయ్యా," అన్నారు. "అదిగో అక్కడ కాల్చండి అని చెప్పేవాళ్ళతో నేను పడ్డ అవస్థ ఎవడికీ వద్దు. ప్రతి గదికీ ఒక సున్నా ఉండాలి."

బొమ్మ తీయడం పదకొండు నిమిషాల పని. కంప్యూటర్ బొమ్మంతా ఒక్కసారి చూపించలేదు. తెర మీద ఒక్కో గీతా మెరిపిస్తూ పోతుంది. ఎదురుగా కన్ను తెరిచి పెట్టిన కెమెరా ఆ గీతలన్నీ ఒకే ఫిలిం మీద పోగుచేస్తుంది. గదిలో చిన్న దీపం కూడా ఉండకూడదు. చివరి గీత అవగానే కెమెరా కన్ను మూసెయ్యాలి. ముయ్యకపోతే అర నిమిషంలో తెర దానంతటదే తెల్లగా వెలిగి ఫిలింని కాల్చేస్తుంది. ఆ మీట నొక్కే గౌరవం తనకే కావాలన్నాడు విట్‌లాక్.

దీపాలు ఆర్పారు. తెర మూడు వైపులా నల్లగుడ్డ కట్టి ఉండటంతో గది కాటుక చీకటి. ఏడో నిమిషంలో విట్‌లాక్ కల్నల్ చెవిలో ఏదో వివరించడానికి కెమెరా వదిలి వెళ్ళాడు. పదో నిమిషంలో తిరుగుముఖం పట్టి, ఏ బల్లకో మోకాలు కొట్టుకున్నాడు.

"ఆఖరి గీత," అన్నాడు గార్త్. "మీట నొక్కండి సార్."

"కెమెరా ఎక్కడుంది?" చీకట్లోంచి విట్‌లాక్ గొంతు సన్నగా వచ్చింది. "దీపం వెయ్యండి."

"వేస్తే ఫిలిం పోతుంది సార్."

గార్త్ తన యంత్రం దగ్గర నుంచి కదలడానికి లేదు. మూడేళ్ళు అర నిమిషంలోకి వచ్చి ఆగాయి. అప్పుడు టింగీ గారు కీర్తన అందుకున్నట్టు రాగం తీశారు.

"తూర్పు రెండు వందల పన్నెండు. ఉత్తరం నూట నలభై. ఎత్తు నలభై నాలుగు."

ఆ అంకెలు విట్‌లాక్‌కి చెప్పినవి కావు. చీకట్లో ఎవరివో మడమల చప్పుడు, తొందర లేకుండా, ఎక్కడా తట్టుకోకుండా, బల్లల మధ్య మలుపులు తిరుగుతూ పోయింది. టిక్కుమని మీట పడింది. ఆ వెంటనే తెర తెల్లగా వెలిగింది.

"ఎవరు వెళ్ళింది?" అన్నారు కల్నల్.

"వెల్డా. తూర్పు రెండు వందల పన్నెండు, ఉత్తరం నూట నలభై," అని జవాబు వచ్చింది. "దీపం వేసుకోండి. మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది."

అప్పటికప్పుడు బొమ్మ తేలే ఆ ఫిలిం మీది కాగితం ఒలిచి చూస్తే రాగి అచ్చు. ఒక్క పలక లేదు, ఒక్క అతుకు లేదు. మడతల మీద వెలుగు జారుతోంది, లోపల నీడ నిండుగా ఉంది. కల్నల్ దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూశారు.

"ఇది ఫోటో కాదా?"

"కాదు సార్. అంకెలు," అన్నాడు గార్త్.

"మా ఆవిడ దగ్గర ఇలాంటిదే ఉంది," అన్నారు కల్నల్. "దీంతో విమానం రెక్క గీయగలవా?"

"కొలిచి ఇస్తే గీస్తాను సార్."

"ఎత్తు కూడా కొలవాలి," అన్నారు టింగీ గారు.

యంత్రం ఎక్కడికీ కదలదని చెప్పి, కల్నల్ మధ్యాహ్నం విమానానికి వెళ్ళిపోయారు. వానల వాళ్ళు ఇంకొన్నాళ్ళు కిటికీలోంచి చూసి వాన సంగతి తెలుసుకోవాలి.

ఆ సాయంత్రం అదే అచ్చులో పోసిన ఆకుపచ్చ జెల్లీ బల్ల మీదికొచ్చింది. వెల్డా గారు గిన్నెల్లో వేసి అందరికీ పంచారు. విట్‌లాక్ దాకా వచ్చి గిన్నె చాపారు. గిన్నె అతని చేతికి జానెడు ఇవతల, గాలిలో ఆగింది. ఆవిడ చూపు అతని చెవి మీద ఉంది.

విట్‌లాక్ గిన్నెకేసి చూశాడు. ఆవిడ కళ్ళకేసి చూశాడు. నేల మీద పసుపు చుక్కలకేసి, మూలనున్న మేకుకేసి చూశాడు. గార్త్ చెంచా నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాడు. టింగీ గారు మీసం కొరుక్కుంటూ తలుపుకేసి తిరిగారు. ఆ గదిలో ఒక్క మాట చాలు, సోమవారం నుంచి వెల్డా గారి కుర్చీ ఖాళీ.

విట్‌లాక్ చెయ్యి చాపి గిన్నె అందుకున్నాడు. కల్నల్ కూర్చున్న కుర్చీలోనే కూర్చుని, క్యారెట్ తురుముతో సహా అంతా తిన్నాడు. తినడం అయ్యాక లేచి, వంగి, కుర్చీ కాళ్ళు ఒక్కొక్కటే చుక్కల మీద సరిచేసి, గొంతు సవరించుకున్నాడు.

"విట్‌లాక్," అన్నాడు గట్టిగా, ఎవరి మొహమూ చూడకుండా. "కుర్చీ వెనక్కి పెట్టాను. తూర్పు డెబ్బై, ఉత్తరం నలభై."



"ఎత్తు చెప్పలేదు," అని గొణిగారు టింగీ గారు.

"పోనిద్దురూ బ్రదర్," అన్నారు వెల్డా గారు విట్‌లాక్ గిన్నెలో ఇంకో గరిటె వేస్తూ. "ఇవాళేగా చేరాడు."